ఎర నుంచి మేతకు: చెరువులో పట్టిన కొర్రమీనును తొట్టిలో గుళికలకు మళ్ళించే క్రమం

వ్యాససంగ్రహం:
చెరువుల్లో, కుంటల్లో పట్టిన వేటచేపలు ఇంటి తొట్టిలో గుళికల మేతను ముట్టకపోవడం తరచుగా కనిపించే సమస్య. ఇది చేప మొండితనం కాదని, గుళికను ఆహారంగా గుర్తించలేకపోవడమే దీనికి కారణమని ఈ వ్యాసం వివరిస్తుంది. కొర్రమీనును ప్రధాన ఉదాహరణగా తీసుకొని, ఆ గుర్తింపును దశలవారీగా ఎలా కలిగించాలో, ఎక్కడ ఆగాలో చర్చిస్తుంది.

కీలక పదాలు: కొర్రమీను, వేటచేపలు, ఎర, గుళికల మేత, ఆక్వేరియం, మళ్ళింపు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ఎర వేరు, మేత వేరు. పశువు మేత మేస్తుంది. పులి ఎర కోసం పొంచి ఉంటుంది. గాలానికి గుచ్చేదీ ఎరే. వేటచేపను తొట్టిలో పెంచడంలోని చిక్కంతా ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరంలోనే ఉంది.

కొర్రమీను (చన్నా స్ట్రయేటా) తెలంగాణ రాష్ట్ర చేప. ఏటా మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబీకులు ఇచ్చే చేప ప్రసాదంలో వాడేవి కూడా బతికున్న కొర్రమీను పిల్లలే. గాలి పీల్చగల చేప కనుక మార్కెట్లో కొద్దిపాటి నీటిలోనూ ప్రాణంతో ఉంటుంది. అందువల్ల ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వంటి ప్రాంతాల్లో ఆక్వేరియం పెంచేవారికి దీన్ని ఇంటికి తెచ్చుకోవడం కష్టం కాదు. దానిచేత తినిపించడమే కష్టం. వాలుగ, మట్టగిడస వంటి ఇతర వేటచేపలకూ ఇదే మాట వర్తిస్తుంది.

2. కొర్రమీను ఆహారాన్ని గుర్తించే తీరు

కొర్రమీను వెంటాడి వేటాడేది కాదు, పొంచి పట్టేది. నాచు మధ్య కదలకుండా ఉండి, దగ్గరకు వచ్చిన చిన్న చేపను, కప్పను, రొయ్యను, పురుగును ఒక్క ఉదుటున నోట పట్టుకుంటుంది. ఈ వేటలో మూడు ఇంద్రియాలు ఒకదాని తరవాత ఒకటి పనిచేస్తాయి. మొదటిది కదలిక: కన్ను దాన్ని చూస్తుంది, ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖ నీటి కంపనాన్ని పసిగడుతుంది. రెండవది వాసన: ఎర శరీరం నుంచి నీటిలో కరిగే అమైనో ఆమ్లాలు చేపను ఆకర్షిస్తాయి. మూడవది నోటి పరీక్ష: రుచి, మెత్తదనం సరిపోతేనే మింగుతుంది, లేకపోతే ఉమ్మేస్తుంది.

ఎండు గుళిక ఈ మూడు పరీక్షల్లోనూ తప్పుతుంది. అది కదలదు, దాని వాసన చేపకు పరిచయం లేదు, నోట్లో గట్టిగా తగులుతుంది. చెరువులో పెరిగిన చేప దృష్టిలో అది నీటిపై తేలే చెత్తతో సమానం. కాబట్టి ‘ఆకలేస్తే అదే తింటుంది’ అనుకొని రోజుల తరబడి పస్తు పెట్టడం సరికాదు. ఆకలి వేటను ప్రేరేపిస్తుందే తప్ప, ఎర కానిదాన్ని ఎరగా చూపించలేదు.

3. ప్రాణమున్న చేపలనే వేయవచ్చు కదా?

ఈ ప్రశ్నకు మూడు సమాధానాలు ఉన్నాయి. ఒకటి, ఎర చేపలతో పాటు పరాన్నజీవులు, వ్యాధులు తొట్టిలోకి వస్తాయి. రెండు, గోల్డ్‌ఫిష్‌తో సహా కార్ప్ జాతి చేపలు అనేకం థయామినేజ్ అనే ఎంజైమును కలిగి ఉంటాయి. అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. చేపను గడ్డకట్టించినా ఈ ఎంజైము పోదు, ఉడికిస్తేనే పోతుంది. వీటినే నిత్యం తిన్న వేటచేప క్రమంగా నీరసించి, నాడీ లోపాలకు గురవుతుంది.

మూడవది తొట్టికి బయట ఉన్న నష్టం. కంబోడియాలో కొర్రమీను జాతి చేపల పెంపకం సహజ జలాల్లో పట్టిన చిన్న చేపల మీదే ఆధారపడింది. వాటిపై ఒత్తిడి పెరగడంతో అక్కడి ప్రభుత్వం 2005లో ఈ పెంపకాన్ని నిషేధించింది. తరవాత వియత్నాం, కంబోడియా పరిశోధకులు పిల్లచేపలను తయారీ మేతకు మళ్ళించే పద్ధతులను అభివృద్ధి చేశారు. 2016లో నిషేధం తొలగింది. ఒక దేశం చేపల విధానాన్నే మార్చిన ప్రశ్న, చిన్న రూపంలో, ఇంటి తొట్టిలోనూ ఎదురవుతుంది.

4. మళ్ళింపు దశలు

4.1 ఎంపిక, కుదురు: రెండు మూడు అంగుళాల పిల్లచేప త్వరగా నేర్చుకుంటుంది, పెద్ద చేపకు వారాలు పట్టవచ్చు. ఒంటిపై పుండ్లు ఉన్నదాన్ని తీసుకోరాదు. 1988లో దేశంలో ప్రవేశించిన ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్ కొర్రమీను జాతులను తీవ్రంగా దెబ్బతీసే వ్యాధి. నల్లా నీటిలోని క్లోరిన్‌ను తొలగించాకే ఆ నీటిని తొట్టిలో పోయాలి. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చకపోతే బతకదు, అలాగే ఎగిరి దూకుతుంది. కనుక నీటికి, మూతకు మధ్య ఖాళీ ఉండాలి, మూత బిగుతుగా ఉండాలి. దాక్కోవడానికి మొక్కలు అమర్చి, పెద్ద చేపనైతే రెండు మూడు రోజులు కదిలించకుండా వదలాలి.

4.2 కదిలే ఎర: మొదట వానపాములు వేయాలి. రోజూ ఒకే వేళకు, వీలైతే సాయంత్రం, తొట్టిలో ఒకే మూలన వేయడం ముఖ్యం. మనిషి రాకను, ఆ మూలను ఆహారంతో ముడిపెట్టుకోవడమే చేప నేర్చే తొలి పాఠం.

4.3 కదిలించే ఎర: తరవాత ఒలిచిన రొయ్యను గాని, సన్నగా కోసిన చేప ముక్కను గాని పుల్లకు తగిలించి, చేప ముందు మెల్లగా ఆడించాలి. ఇక్కడ ప్రాణం లేదు, కదలిక మాత్రం ఉంది. చేప దీన్ని వెనుకాడకుండా అందుకున్నాక, అదే ముక్కను ఆడించకుండా నీటిలో జారవిడవాలి. అప్పటికి కదలిక అవసరం కూడా తీరుతుంది.

4.4 ముద్ద: చేప, రొయ్య గుజ్జులో గుళికల పొడి కలిపి చిన్న ముద్దలు చేయాలి. తొలుత పొడి పదో వంతుకు మించరాదు. రెండు మూడు రోజులకోసారి ఆ వంతును కొద్దికొద్దిగా పెంచాలి. ఉమ్మేస్తే వెనకటి పాలుకు తిరిగి రావాలి.

4.5 గుళిక: చివరగా, తేలే గుళికలను రొయ్య రసంలో నానబెట్టి వేయాలి. గాలి కోసం పైకి వచ్చే చేప కనుక తేలే మేత దాని కంటపడుతుంది. క్రమంగా రసం మానేసి నీటితో తడిపితే చాలు. మాంసాహార చేపలకు ఉద్దేశించిన, 40 శాతానికి మించి మాంసకృత్తులున్న మేతను ఎంచుకోవాలి.

5. పాటించవలసిన హద్దులు

తినకుండా మిగిలినదాన్ని ఇరవై నిమిషాల్లో తీసివేయాలి. మాంసకృత్తులు కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది, అమ్మోనియా పెరిగిన నీటిలో చేప ఆకలి చస్తుంది. అప్పుడు మేత నచ్చలేదని పొరబడే అవకాశం ఉంది. హైదరాబాద్ చలికాలపు రాత్రుల్లో నీరు చల్లబడినా ఇదే జరుగుతుంది, కనుక హీటరు అవసరం.

బలంగా ఉన్న పెద్ద చేప వారం రోజుల పస్తును తట్టుకుంటుంది. పిల్లచేప తట్టుకోలేదు. తల వెనుక వీపు కండ తగ్గి, పొట్ట లోపలికి పోతే మళ్ళింపును ఆపి, అది తినే ఎరనే ఇచ్చి కోలుకోనివ్వాలి. మళ్ళింపు నేర్చిన చేపతో కలిపి ఉంచితే కొత్తది చూసి నేర్చుకోవచ్చు. కాని రెండూ సమాన పరిమాణంలో ఉండాలి, లేకపోతే చిన్నది పెద్దదానికి ఎర అవుతుంది.

అసలే తినని చేపను సరూర్‌నగర్ చెరువులోనో మరో కుంటలోనో వదలడం పరిష్కారం కాదు. తొట్టిలో విదేశీ చేపల నుంచి సోకిన వ్యాధి దానితో పాటు చెరువుకు చేరవచ్చు.

6. ముగింపు

- వేటచేప గుళికను నిరాకరించడానికి మూలం ఆకలి లేకపోవడం కాదు, గుర్తింపు లేకపోవడం.
- ప్రాణం, కదలిక, వాసన, మెత్తదనం అనే లక్షణాలను ఒక్కసారిగా కాక ఒకదాని తరవాత ఒకటిగా తొలగించినప్పుడే ఎర మేతగా మారుతుంది.
- చేప శరీరస్థితే వేగాన్ని నిర్ణయించాలి, పెంపకందారు తొందర కాదు.
- వారాల ఓపికకు, ఏళ్ళ తరబడి పెంపకానికి సిద్ధపడని వారు చెరువులో పట్టిన చేపను కాక, హేచరీలో పుట్టి అప్పటికే గుళికలు తింటున్న పిల్లను తెచ్చుకోవడం మేలు.