కొరియాలో ఇంగ్లీషు పాఠం

బి.ఎడ్. చేసిన మన హాస్టల్ అన్నలు కొందరు విదేశాల్లో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగాల గురించి అడుగుతున్నారు. అందుకే దక్షిణ కొరియా సంగతి రాస్తున్నాం.

అక్కడ కాలేజీ ప్రవేశాలకు ముఖ్యమైన పరీక్ష ‘సునుంగ్’. ఏటా నవంబరులో జరుగుతుంది. ఇంగ్లీషు పేపరుకు 70 నిమిషాలు, 45 ప్రశ్నలు. వాటిలో 17 విని జవాబు గుర్తించేవి. ఆ సమయంలో దేశమంతటా విమానాలు ఎగరడం, దిగడం ఆపేస్తారు! మన పరీక్షలప్పుడు పక్క పందిట్లో మైకు ఆపించే దిక్కుండదు.

అయితే ఈ పేపరులో నోరు తెరిచి మాట్లాడేది లేదు, సొంతంగా వాక్యం రాసేదీ లేదు. అన్నీ ఐదు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవే. విదేశీ టీచరు పనేమో పిల్లల చేత మాట్లాడించడం. పరీక్ష దగ్గరపడిన పిల్లవాడికి ఆ పీరియడు దండగనిపిస్తుంది. కష్టమైన పేరాలో ఖాళీ పూరించగలిగినవాడే ఎవరైనా దారి అడిగితే తడబడతాడు. గైడు బట్టీపట్టి ఇంటర్ గట్టెక్కిన మనకు ఆ బాధ తెలియనిదా! 2017 నవంబరు పరీక్ష నుంచి మాత్రం 100కు 90 తెచ్చుకున్న అందరికీ మొదటి గ్రేడే. అంతకుముందు పైనున్న 4 శాతం మందికే అది దక్కేది.

ఇక ఉద్యోగం మాట. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులైతే సాధారణంగా ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా ఇంగ్లీషు చెప్పే వీసాకు అర్హులే. మనకు 2010లో అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఒప్పందం వల్ల దారి దొరికింది గానీ, డిగ్రీతో పాటు టీచరు అర్హత పత్రం కూడా అడుగుతారు. పాస్‌పోర్టును బట్టి ఇంగ్లీషుకు విలువ కట్టడం మాకు నచ్చలేదు. అదీ సహాయ టీచరు పనికే.