నలుగురిలో మాట్లాడాలంటే భయమా?

ఒక ఊళ్లో ఒక అమ్మాయి ఉంది. వయసు 19 ఏళ్లు. ఇంటర్ పాసయింది. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. చుట్టాలొస్తే మాత్రం వంటింట్లో దూరుతుంది. టౌనులో బట్టల కొట్టులో పనికి రమ్మన్నారు. వెళ్లలేదు.

"అందరూ నన్నే చూస్తారమ్మా! నవ్వుతారు" అని ఏడ్చింది.

"దీనికి పొగరు" అన్నారు ఇరుగుపొరుగు. "పెళ్లి చేస్తే అదే పోతుంది" అంది నాయనమ్మ.

అది పొగరు కాదు. పెళ్లి దానికి మందు కాదు.

కొత్తవాళ్ల ముందు బిడియం అందరికీ ఉంటుంది. ఈ భయం అంతకన్నా పెద్దది. గుండె దడదడ కొట్టుకుంటుంది. చెమటలు పడతాయి. గొంతు పెగలదు. ఎక్కువమందికి ఇది ఎదిగే వయసులోనే మొదలవుతుంది. మగపిల్లలకూ వస్తుంది. కొందరు భయం పోవాలని తాగుడు మొదలుపెడతారు. అది ఇంకో కష్టం.

భయపడి ఇంట్లో ఉండిపోతే ఆ పూటకి హాయిగా ఉంటుంది. అందుకే మర్నాడూ వెళ్లబుద్ధి కాదు. తప్పించుకున్నకొద్దీ భయం పెరుగుతుంది. భయం వేసినా అక్కడే కాసేపు నిలబడితే, అది మెల్లగా తగ్గుతుంది. పదిసార్లు చేస్తే అలవాటవుతుంది.

తల్లికి తన సంగతి గుర్తొచ్చింది. రాత్రి బడిలో మొదటిరోజు పలక పట్టుకుంటే చెయ్యి వణికింది. ఒక్కరోజులో చదువు రాలేదు. అక్షరం తర్వాత అక్షరం వచ్చింది. ఇదీ అంతే అనుకుంది.

ఇద్దరూ కూర్చుని మెట్లు రాసుకున్నారు.

1. అమ్మతో కిరాణా కొట్టుకెళ్లి, ఉప్పు ప్యాకెట్ తానే అడగడం.
2. ఒక్కతే వెళ్లి అడగడం.
3. బస్సులో తానే టికెట్ తీసుకోవడం.
4. బ్యాంకుకెళ్లి పాసుపుస్తకంలో లెక్క వేయించడం.
5. పొదుపు సంఘంలో లెక్కలు చదవడం.

ఒక మెట్టు అలవాటయ్యాకే ఇంకో మెట్టు. ఏం మాట్లాడాలో ముందు ఇంట్లో అనుకునేవారు. కూతురు తడబడితే తల్లి అందుకుని జవాబు చెప్పలేదు. ఆగింది. నలుగురిలో తిట్టలేదు. "పక్కింటి పిల్లను చూడు" అనలేదు. వచ్చాక, "ఈ రోజు అడిగావు కదా!" అంది.

అందరికీ ఇంతటితో తగ్గదు. నెలల తరబడి భయం పోకపోతే, చదువు, పని మానేస్తే మనసు డాక్టరుకు చూపించాలి. మాటల ద్వారా చేసే వైద్యం ఉంది. అవసరమైతే మందులిస్తారు. ప్రభుత్వం 2022లో టెలీ మానస్ అనే ఫోను సాయం పెట్టింది. నంబరు 14416. డబ్బులు పడవు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడొచ్చు. "చచ్చిపోతాను" అని పిల్లలంటే ఒంటరిగా వదలకూడదు. వెంటనే ఫోను చెయ్యాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నాలుగు నెలలు గడిచాయి. సంఘం మీటింగులో ఆ అమ్మాయి పుస్తకం తీసింది. గొంతు వణికింది. ఎవరూ నవ్వలేదు. చివరి పద్దు దాకా చదివింది.