ఫోను మందం తగ్గితే ఏం తగ్గుతుంది?

స్మార్ట్‌ఫోను లోపల అన్నిటికంటే ఎక్కువ చోటు తీసుకునేది బ్యాటరీ. మిగిలిన జాగాలో సర్క్యూట్ బోర్డు, కెమెరాలు, స్పీకర్లు, సిమ్ ట్రే, ఛార్జింగ్ పోర్టు సర్దుకోవాలి. తెర చిన్నదైతే కొనేవాళ్లు ఒప్పుకోరు కాబట్టి పొడవు, వెడల్పు తగ్గించడం కుదరదు. ఇక మిగిలింది మందం. దాన్ని తగ్గించాలని కంపెనీ అనుకుంటే మొదటి కోత బ్యాటరీకే పడుతుంది. కెమెరా, స్పీకరు ఆ తర్వాతి వరసలో ఉంటాయి.

ఈ లెక్కను శాంసంగ్ 2025లో తన సొంత ఫోన్లతోనే తేటతెల్లం చేసింది. గెలాక్సీ ఎస్25 ప్లస్, ఎస్25 ఎడ్జ్ పొడవు వెడల్పుల్లో దాదాపు ఒకటే. ప్లస్ మందం 7.3 మిల్లీమీటర్లు, బరువు 190 గ్రాములు, బ్యాటరీ 4900 ఎంఏహెచ్. ఎడ్జ్ మందం 5.8 మిల్లీమీటర్లు, బరువు 163 గ్రాములు, బ్యాటరీ 3900 ఎంఏహెచ్. అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల కోసం వెయ్యి ఎంఏహెచ్ వదులుకున్నారు. ప్లస్‌లో ఉన్న టెలిఫోటో కెమెరా ఎడ్జ్‌లో లేదు. ఛార్జింగ్ వేగం 45 వాట్ల నుంచి 25 వాట్లకు దిగింది. ఇన్ని తగ్గినా ధర తగ్గలేదు సరికదా, పెరిగింది. మన దేశంలో ప్లస్ ధర 99,999 రూపాయల దగ్గర మొదలైతే ఎడ్జ్ ధర 1,09,999 దగ్గర మొదలైంది. తక్కువ సరుక్కు ఎక్కువ ధర పలకడం ఏ మార్కెట్ యార్డులోనూ చూడని విడ్డూరం.

అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ ఎయిర్ ఇంకాస్త ముందుకు వెళ్లింది. మందం 5.6 మిల్లీమీటర్లు, బరువు 165 గ్రాములు, ధర 1,19,900 రూపాయలు. వెనక ఒకటే కెమెరా. స్పీకరు కూడా ఒకటే, అదీ పైభాగంలో చెవి దగ్గర ఉండేది. ప్లాస్టిక్ సిమ్ పెట్టుకునే చోటే లేదు, ఈ-సిమ్ మాత్రమే పనిచేస్తుంది. కెమెరా ఉన్న భాగం మిగతా ఫోను కంటే బాగా ఎత్తుగా ఉంటుంది. కాంతిని పట్టుకునే సెన్సారుకు, దాని ముందుండే కటకాలకు మధ్య కొంత దూరం ఉండి తీరాలి. ఆ దూరాన్ని ఇష్టమొచ్చినంత కుదించడం కుదరదు. ప్రకటనలో చెప్పే మందం ఫోను అన్నిటికంటే పలుచగా ఉన్న చోట కొలిచినది.

పలుచదనం మోజు కొత్తదేమీ కాదు. 2014లో ఒప్పో ఆర్5 4.85 మిల్లీమీటర్లతో వచ్చింది. అదే ఏడాది చివర వివో ఎక్స్5 మ్యాక్స్ 4.75 మిల్లీమీటర్లతో దాన్ని దాటేసి, మన దేశంలోనూ అమ్మకానికి వచ్చింది. రెండింటి బ్యాటరీ 2000 ఎంఏహెచ్. 2015లో మన దేశపు కంపెనీ మైక్రోమ్యాక్స్ కూడా 5.1 మిల్లీమీటర్ల కాన్వాస్ స్లివర్ 5ను తెచ్చింది. ఆ పందెం ఎక్కువ కాలం సాగలేదు. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా చవకయింది. వీడియోలు చూసేవాళ్లకు కావలసింది పలుచని ఫోను కాదు, రాత్రిదాకా ఆగే ఫోను. 2017లో దేశంలో బాగా అమ్ముడుపోయిన రెడ్‌మీ నోట్ 4 బ్యాటరీ 4100 ఎంఏహెచ్.

రెడ్‌మీ ఫోన్లు తెచ్చే షావోమీ కథలో తెలుగు నేలకూ చోటుంది. షావోమీ మన దేశంలో తయారు చేయించిన మొదటి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్. దాన్ని 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదల చేశారు. తయారైంది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో. ధర 6,999 రూపాయలు. వెనక మూత గోటితో ఊడదీసి, 2200 ఎంఏహెచ్ బ్యాటరీని ఎవరికి వాళ్లే మార్చుకోగలిగేవారు. మూత, దాని పట్టీలు, బ్యాటరీ చుట్టూ గట్టి డొప్ప, ఇవన్నీ కొంత మందం తినేవే. పలుచదనం కోసం వాటిని తీసేసి బ్యాటరీని జిగురుతో అంటించడం తర్వాతి రోజుల్లో మామూలైంది.

ఇక వాడుక సంగతికి వస్తే, గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లో ఇప్పుడు ఫోను కూడా వ్యవసాయ పనిముట్టే. ఈ-పంట నమోదుకు గ్రామ వ్యవసాయ సహాయకులు పొలంలో నిలబడి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలతో సహా ఫొటో తీయాలి. 2025 ఖరీఫ్ పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర కావాలంటే రైతు భారత పత్తి సంస్థ తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, స్లాటు బుక్ చేసుకోవాల్సి వచ్చింది. మిరప కోతల రోజుల్లో కూలీల మేస్త్రితో మాట్లాడటం, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారిని ఆ రోజు ధర అడగడం, కాయల ఫొటో వాట్సాప్‌లో పంపడం, మిరప టిక్కీలు (బస్తాలు) ఎత్తిన లారీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడం అన్నీ దాంతోనే. పొద్దున పొలానికి వెళ్లిన మనిషికి మళ్లీ ప్లగ్గు కనిపించేది సాయంత్రమే.

ఇలాంటి చోట బ్యాటరీ అంకెను సిగ్నలుతో కలిపి చూడాలి. టవరు దూరమైన కొద్దీ ఫోను తన రేడియోను ఎక్కువ శక్తితో నడుపుతుంది. సిగ్నలు పోతూ వస్తూ ఉంటే వెతుకులాట ఆగదు. నల్లమల అంచున ఉన్న పల్లెల్లో, ఊరికి దూరంగా ఉన్న చేలల్లో ఫోను వాడకపోయినా ఛార్జింగ్ దిగిపోవడానికి ముఖ్య కారణం ఇదే. పట్నంలో ఏసీ గదిలో, వైఫై మీద పరీక్షించి రోజంతా వస్తుందని రాసిన ఫోను ఇక్కడ మధ్యాహ్నానికే ఎర్రగీత చూపిస్తే ఆశ్చర్యపడాల్సింది లేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఎండ. ఫోన్లను వాడాల్సిన పరిసర ఉష్ణోగ్రత సున్నా నుంచి 35 డిగ్రీలని ఆపిల్, శాంసంగ్ తమ సూచనల్లోనే రాస్తాయి. పల్నాడు జిల్లా రెంటచింతలలో వేసవిలో 45 డిగ్రీలు కొత్త సంగతి కాదు. అదీ నీడలో కొలిచే లెక్క. కల్లంలో ఎండబోసిన మిరపకాయల పక్కన, ట్రాక్టరు బానెట్ మీద, బైకు హ్యాండిల్‌కు బిగించిన స్టాండులో నేరుగా ఎండ పడే ఫోను ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. చిప్పు లోపల పుట్టే వేడి బయటి ఒంట్లోకి పాకి, అక్కడి నుంచి గాలిలోకి పోవాలి. పలుచని ఫోనులో వేడిని కాసేపు తమలో దాచుకునే లోహమూ గాజూ తక్కువ, పరిచే దారీ ఇరుకు. ఆపిల్ 2025లో ఐఫోన్ 17 ప్రోకు వేడిని పరిచే వేపర్ ఛాంబర్ పెట్టింది. అదే కుటుంబపు చిప్పున్న ఐఫోన్ ఎయిర్‌కు పెట్టలేదు.

వేడి హద్దు దాటితే ఫోను తనను తాను కాపాడుకుంటుంది. చిప్పు వేగం తగ్గిస్తుంది, ఛార్జింగ్ ఆపేస్తుంది, తెర వెలుగు తగ్గిస్తుంది. ఎండలో తెర సరిగా కనపడాలంటే వెలుగు ఎక్కువ కావాలి, ఆ వెలుగే మళ్లీ వేడి పుట్టిస్తుంది. మిట్టమధ్యాహ్నం చేలో ఫొటో తీయబోతే తెర నల్లబడటం వెనక జరిగేది ఇదే.

వేడి చేసే చెరుపు ఆ పూటతో పోదు. లిథియం అయాన్ బ్యాటరీలో రసాయన చర్యలు వేడికి వేగం పుంజుకుని, దాని సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. దీనికి ఛార్జింగ్ చుట్ల లెక్క తోడవుతుంది. రోజుకు 4000 ఎంఏహెచ్ ఖర్చయ్యే మనిషి 4000 బ్యాటరీ ఫోను కొంటే దినానికి ఒక పూర్తి చుట్టు అయిపోతుంది. 6000 బ్యాటరీ కొంటే మూడింట రెండు వంతులే అవుతుంది. 800 చుట్ల తర్వాత కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగలాలని ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి నిబంధన పెట్టింది. ఆ 800 చుట్లు మొదటి ఫోనులో రెండేళ్ల రెండు నెలలకు పూర్తవుతాయి, రెండో దానిలో మూడేళ్ల మూడు నెలలకు. పెద్ద బ్యాటరీ వల్ల అసలు లాభం ఈ అదనపు ఏడాదే, అయితే దుకాణంలో దాని గురించి ఎవరూ చెప్పరు.

బ్యాటరీ పాతబడేకొద్దీ కొంచెం ఉబ్బుతుంది కూడా. అందుకు చుట్టూ ఖాళీ వదలాలి. చోటు బిగించి కడితే ఏమవుతుందో 2016లో గెలాక్సీ నోట్ 7 చూపించింది. ఫోన్లు కాలిపోవడంతో శాంసంగ్ వాటిని వెనక్కి తీసుకుని అమ్మకమే ఆపేసింది. ఒక సరఫరాదారు బ్యాటరీల్లో మూల దగ్గర తొడుగు ఇరుకై ఎలక్ట్రోడు వంగిందని, ఇంకొకరి బ్యాటరీల్లో వెల్డింగ్ లోపం ఉందని 2017 జనవరిలో ప్రకటించింది.

గట్టిదనం సంగతి చూస్తే, ఒకే లోహపు రేకు మందం సగమైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 2014లో 7.1 మిల్లీమీటర్ల ఐఫోన్ 6 ప్లస్ ప్యాంటు జేబుల్లో వంగుతోందని గోల జరిగితే, మరుసటి ఏడాది మోడల్‌కు ఆపిల్ ఇంకా గట్టి అల్యూమినియం వాడింది. 2025 నాటి ఎడ్జ్‌కు, ఎయిర్‌కు టైటానియం ఫ్రేము వేశారు. కాబట్టి అవి అంత తేలిగ్గా వంగవు, కానీ ఆ ఖర్చు కొనేవాళ్ల మీదే పడుతుంది. అదీకాక ఇక్కడ కొత్త ఫోను కొన్నవాళ్లు ఇంటికి రాకముందే టెంపర్డ్ గ్లాసు, వెనక పౌచ్ వేయిస్తారు. అక్కడితో రెండు మూడు మిల్లీమీటర్లు తిరిగి వచ్చేస్తాయి. రొంటిన దోపుకుని చేను దున్నే మనిషి అలా వేయించుకోవడం తెలివైన పనే. కంపెనీ కోసిన మందాన్ని కొన్నవాడు ప్లాస్టిక్‌తో పూడ్చుకుంటాడు, పోయిన బ్యాటరీ మాత్రం తిరిగి రాదు.

సిమ్ చోటు, స్పీకరు కూడా ఈ నేల మీద చిన్న విషయాలు కావు. ఫోను చచ్చిపోతే సిమ్ తీసి ఇంట్లో ఉన్న పాత ఫోనులో వేసుకోవడం పల్లెల్లో మామూలు. ఈ-సిమ్ ఒక్కటే ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. లారీలు, కాటాలు, హమాలీల కేకల మధ్య యార్డులో ధర వినాలంటే గట్టి స్పీకరు కావాలి.

పలుచని ఫోన్ల మంచి కూడా చెప్పాలి. తక్కువ బరువు చేతికి నిజంగా హాయి. ప్లస్‌కు, ఎడ్జ్‌కు మధ్య ఉన్న 27 గ్రాముల తేడా చిన్నదనిపించినా, పడుకుని వీడియో చూసేవారికి, చిన్న చేతులవారికి, మణికట్టు నొప్పి ఉన్న పెద్దలకు తెలుస్తుంది. మడత ఫోన్లలోనైతే పలుచదనం అవసరమే, రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి. మడిచినప్పుడు 12.1 మిల్లీమీటర్లున్న గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 6 తర్వాత, 2025లో ఫోల్డ్ 7 8.9 మిల్లీమీటర్లకు దిగి మామూలు ఫోనులా జేబులో ఇమిడింది.

బ్యాటరీ రసాయనమూ మారుతోంది. గ్రాఫైట్ స్థానంలో కొంత సిలికాన్ కలిపిన సిలికాన్-కార్బన్ బ్యాటరీలు అదే చోటులో ఎక్కువ శక్తి పట్టిస్తాయి. 2025లో వచ్చిన వివో టీ4 8 మిల్లీమీటర్లలోపు మందంలో 7300 ఎంఏహెచ్ ఇచ్చింది. టెక్నో పోవా స్లిమ్ 5.95 మిల్లీమీటర్లలో 5160 ఎంఏహెచ్ పెట్టి, 19,999 రూపాయలకు అమ్మింది. అయితే ఛార్జింగ్‌లో సిలికాన్ గ్రాఫైట్ కంటే చాలా ఎక్కువగా ఉబ్బి తగ్గుతుంది. ఆ ఒత్తిడిని అదుపులో పెట్టడమే ఈ బ్యాటరీల్లో కష్టమైన పని.

అమ్మకాలు ఏం చెప్పాయన్నదీ గమనించదగ్గదే. ఐఫోన్ ఎయిర్ విడుదలైన కొన్ని వారాలకే, గిరాకీ లేక ఆపిల్ దాని ఉత్పత్తి తగ్గిస్తోందని జపాన్ పత్రిక నిక్కీ రాసింది.

ఈ ప్రాంతంలో ఫోను కొనేవారు మందం అంకెను చివర చూసుకోవచ్చు. ముందు అడగాల్సింది బ్యాటరీ 6000 ఎంఏహెచ్ దగ్గర్లో ఉందా, దుమ్ముకు తట్టుకునే ఐపీ రేటింగ్ ఉందా, రెండు సిమ్‌లకు చోటుందా, కంపెనీ సర్వీస్ సెంటరు గుంటూరులోనో ఒంగోలులోనో ఉందా, అక్కడ బ్యాటరీ మార్చడానికి ఎంత తీసుకుంటారు అన్నవి. ఇవన్నీ 8 మిల్లీమీటర్ల ఫోనులో ఇరవై వేల రూపాయల లోపే దొరుకుతున్నాయి. పొలానికీ యార్డుకీ వెంట తీసుకెళ్లే ఫోనుగా లక్షకు పైబడిన 5.6 మిల్లీమీటర్ల ఫోను కంటే అదే మేలు.