చలికి అడ్డం కట్టండి, గాలికి దారి వదలండి



మాది ఆదిలాబాద్ జిల్లా. డిసెంబరు, జనవరి నెలల్లో మబ్బు లేని రాత్రి, గాలి కూడా ఆగిందంటే చలి చంపేస్తుంది. పగలు నేల పట్టుకున్న వేడంతా అడ్డు లేకుండా పైకి పోతుంది. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువకు దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు పడిపోతే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలుల కింద లెక్కేస్తుంది.

పోయిన ఏడాది అట్లాంటి రాత్రి నేను ఒక తప్పు చేశాను. కోళ్ల గూటికి చుట్టూ టార్పాలిన్ కట్టి, ఒక్క సందు లేకుండా మూసేశాను. తెల్లారి తీస్తే ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. కింద పోసిన ఊక తడిసి ముద్దయింది. ఆరు పిల్లలు చచ్చి పడి ఉన్నాయి. రెట్టలోంచి వచ్చే అమ్మోనియాకు, కోళ్ల ఊపిరి ఆవిరికి బయటికి పోయే దారి లేకుండా చేసింది నేనే.

ఈ ఏడు పద్ధతి మార్చాం. ఉత్తరం వైపు కోళ్లు కూర్చునే ఎత్తు వరకు గోనె పట్టాలు కట్టాం. చూరు కింద జానెడు సందు వదిలాం. ఊక మందంగా పోసి, తడిసింది తడిసినట్టు తీసేస్తున్నాం. మొదటి వారం పిల్లలకు సుమారు 35 డిగ్రీల వేడి కావాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి, దూరం జరిగి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. వీడియోలో ఈ తేడా గమనించండి.

పశువుల కొట్టంలోనూ ఇదే సూత్రం. కింద ఎండుగడ్డి పరుపు, దూడల వీపు మీద గోనె సంచి. సాయంత్రం చొప్ప కాస్త ఎక్కువ వేయండి. పీచు మేత కడుపులో అరిగేటప్పుడు పుట్టే వేడి రాత్రంతా పశువును కాపాడుతుంది. పొద్దున తొట్టిలో చల్లబడ్డ నీళ్లు కాకుండా అప్పుడే తోడిన బావి నీళ్లో, బోరు నీళ్లో పెట్టండి. అవి గోరువెచ్చగా ఉంటాయి.

నారుమడికి సాయంత్రం పలచగా తడి ఇవ్వండి. పొడి నేల కంటే తడి నేల వేడిని ఎక్కువ నిలుపుకుంటుంది. పైన చిన్న పందిరి వేసి గడ్డి కప్పి, ఎండ రాగానే తీసేయాలి. చలికి సూక్ష్మజీవులు కూడా మందగిస్తాయి. కాబట్టి జీవామృతం 48 గంటలకే తీయకుండా ఇంకో రోజు, రెండు రోజులు ఆగండి. డ్రమ్ముకు గోనె చుడితే మంచిది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. మొన్న రాత్రి మా అవ్వ బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకొని తలుపు వేసుకుంది.

"అవ్వా, కుంపటి బయట పెట్టు."

"పొగ ఏడున్నది బిడ్డా? ఉత్త నిప్పులే కదా!"

పొగ లేదు, నిజమే. కానీ బొగ్గులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం కనిపిస్తే మనిషిని వెంటనే బయటి గాలికి తేవాలి, 108కి ఫోన్ చేయాలి. ఇదంతా చెబితే అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కోడిపిల్లల లెక్కనే నన్ను కూడా మూసేస్తున్నవా అనుకున్న, నేనే మూసుకుంటున్ననా!" అని నవ్వింది.

కుంపటి వాకిట్లో పెట్టాం. పడుకునే ముందు అందరం అక్కడే చలి కాచుకుంటున్నాం. అవ్వ మంచం మీద బొంత కింద ఎండుగడ్డి పరిచాం, మీద రెండు దుప్పట్లు ఇచ్చాం. కిటికీ పైరెక్క మాత్రం తెరిచే ఉంచుతున్నాం.

ఈ రాత్రి పడుకునే ముందు మీ కోళ్ల గూడు, కొట్టం, పెద్దవాళ్ల గది ఒకసారి చూసి రండి.