గుడ్డు పెడితే చీము పడుతుందా?

ఒళ్లు కాలిన పిల్లలకు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో మన ఇళ్లలో డాక్టర్ కంటే ముందే తేలిపోతుంది. పప్పు వద్దు, చీము పడుతుంది. గుడ్డు వద్దు, వేడి చేస్తుంది. వంకాయ, గోంగూర, మాంసం సంగతి చెప్పనే అక్కర్లేదు. చివరికి కంచంలో మిగిలేవి చారన్నం, ఇడ్లీ, బ్రెడ్డు, పల్చటి జావ. మోకాలు చెక్కుకుపోతే నాలుగు రోజులు ఈ పథ్యం చేసినా పోయేదేమీ లేదు. వేడి సాంబారు మీద పడి ఒంట్లో మూడో వంతు కాలిన నాలుగేళ్ల పిల్లకు ఇదే పథ్యం పెడితే మాత్రం పుండు మానడం ఆగిపోతుంది.

కాలిన తర్వాత శరీరంలో జరిగేది చర్మంతో ఆగదు. 1930ల్లో గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అనే పరిశోధకుడు కాళ్ల ఎముకలు విరిగిన వాళ్ల మూత్రాన్ని పరీక్షిస్తూ ఒక విచిత్రం గమనించాడు. అందులో పోతున్న నైట్రోజన్, దెబ్బ తగిలిన చోటు నుంచి మాత్రమే వచ్చిందని చెప్పడానికి వీల్లేనంత ఎక్కువగా ఉంది. అంటే ఒళ్లంతా ఉన్న కండ కరుగుతోంది. దెబ్బలన్నిటిలోకీ ఈ కరుగుదల ఎక్కువగా ఉండేది ఒళ్లు బాగా కాలినప్పుడే. 1974లో అమెరికా సైన్యపు కాలిన గాయాల కేంద్రంలో డగ్లస్ విల్మోర్ బృందం దీని వెనకున్న ముఖ్య కారణాన్ని పట్టుకుంది. అడ్రినలిన్, దాని జాతి హార్మోన్లు రోజుల తరబడి దిగకుండా ఉండిపోతాయి. గుండె వేగంగా కొట్టుకుంటూనే ఉంటుంది. ఒంట్లో 40 శాతానికి మించి కాలితే, కదలకుండా పడుకున్నా ఖర్చయ్యే శక్తి మామూలుకు దాదాపు రెట్టింపు దాకా పోవచ్చు.

ఆ శక్తి ఎటు పోతోంది? కొంత ఆవిరిగా. చర్మం పోయిన చోట నీరు ఆగదు. ఒక లీటరు నీరు ఒంటి మీంచి ఆవిరి కావాలంటే 580 కేలరీల దాకా వేడి కావాలి. కొంత నేరుగా పుండుకే పోతుంది. మానే పుండు గ్లూకోజును తెగ తాగుతుంది. దాన్ని అందించడానికి కండలోని ప్రొటీన్ విడిపోతుంది, ఆ ముక్కలను కాలేయం చక్కెరగా మారుస్తుంది. పైగా కారే రసితో పాటు ప్రొటీన్ కూడా పోతూనే ఉంటుంది. కప్పు వేయించడానికి ఇంటి దూలాలు అమ్ముకున్నట్టుగా ఉంటుంది వ్యవహారం. కండలో పదో వంతు పోయేసరికి రోగనిరోధక శక్తి తగ్గుతుంది. ఐదో వంతు పోతే పుండు మానడం నెమ్మదిస్తుంది. పెద్దవాళ్లకైతే కరగడానికి కొంత కండ నిల్వ ఉంటుంది. పిల్లలకు ఆ నిల్వ చాలా తక్కువ. బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి వేడి, నీరు పోవడం కూడా వాళ్లకే ఎక్కువ.

ఇక చీము సంగతి. చీము పట్టించేది పుండులో చేరిన బాక్టీరియా. వాటితో పోరాడే తెల్ల కణాలు, యాంటీబాడీలు తయారు కావాలంటే ప్రొటీన్ కావాలి. దీనికి 1980లో ఒక గట్టి సాక్ష్యం దొరికింది. అమెరికాలోని సిన్సినాటి ష్రైనర్స్ ఆసుపత్రిలో వెస్లీ అలెగ్జాండర్ బృందం తీవ్రంగా కాలిన 18 మంది పిల్లలను రెండు గుంపులు చేసింది. సగటున వాళ్ల ఒంట్లో 60 శాతం కాలింది. ఒక గుంపుకు కేలరీల్లో సుమారు 16 శాతం ప్రొటీన్ నుంచి వచ్చేలా, రెండో గుంపుకు 23 శాతం వచ్చేలా ఆహారం ఇచ్చారు. మొదటి గుంపులో నలుగురు చనిపోయారు. రెండో గుంపులో అందరూ బతికారు, రక్తంలో బాక్టీరియా కనిపించిన రోజులూ తగ్గాయి. పద్దెనిమిది మంది చిన్న సంఖ్యే, ఒప్పుకోవాలి. కానీ కాలిన పిల్లల వైద్యంలో ప్రొటీన్‌ను మందులతో సమానంగా చూడడం ఆ తర్వాతే బలపడింది.

ఎంత పెట్టాలి? 4 నుంచి 6 ఏళ్ల ఆరోగ్యవంతమైన పిల్లలకు రోజుకు సుమారు 16 గ్రాముల ప్రొటీన్ చాలునని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పెద్దగా కాలిన పిల్లలకు కిలో బరువుకు 2.5 నుంచి 3 గ్రాములు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ ఇస్తారు. 15 కిలోల పిల్లకు 40 గ్రాములు అనుకుందాం. రోజంతా చారన్నం, రెండు ఇడ్లీలు తిన్నా 10, 12 గ్రాములు దాటవు. అదే మూడు గుడ్లు 18 గ్రాములు, అరలీటరు పాలు 16, గుప్పెడు వేరుసెనగ చిక్కీ మరో ఆరేడు. గుడ్డు తినని ఇంట్లో ముద్దపప్పు, పెరుగు, పనీర్ ఆ పని చేస్తాయి. చీము, వేడి భయాలతో పక్కన పెట్టిన గుడ్డు, పప్పు వీటిలోనే ఉన్నాయి!

అయితే నొప్పితో, జ్వరంతో ఉన్న పిల్ల ఇంత తింటుందా? తినదు. అందుకే పెద్ద గాయాల్లో ముక్కులోంచి కడుపులోకి సన్నటి రైల్స్ ట్యూబ్ వేసి, వీలైతే మొదటి 12 గంటల్లోపే పాల లాంటి ఆహారం మొదలుపెడతారు. ఆ గొట్టం చూడగానే 'పరిస్థితి చెయ్యి దాటింది' అని బెంగపడే వాళ్లు చాలామంది. నిజానికి ఆలస్యం చేస్తే పేగు లోపలి పొర చిక్కిపోతుంది, అరుగుదల మందగిస్తుంది. అసలు చిక్కు మరోచోట ఉంది. కట్టు మార్చడానికి, చర్మం అతికించడానికి మత్తు ఇవ్వాలంటే ముందు కడుపు ఖాళీగా ఉంచాలి. ఆపరేషన్ వాయిదా పడితే ఆ పస్తు సాయంత్రం దాకా సాగుతుంది. వారంలో మూడుసార్లు ఇలా జరిగితే ఎంత ఆహారం పోయిందో ఎవరూ లెక్క వేయరు. గొట్టాన్ని జీర్ణాశయం దాటించి చిన్నపేగులో ఉంచి, ఆపరేషన్ జరుగుతుండగా కూడా ఆహారం ఆపని కేంద్రాలు ఉన్నాయి.

అలాగని అదే పనిగా కుక్కడమూ తప్పే. అవసరానికి మించిన కేలరీలు కండగా మారవు. కాలేయంలో కొవ్వుగా పేరుకుంటాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది. అందుకే వదిలే గాలిని కొలిచి శక్తి ఖర్చు లెక్కగట్టే యంత్రం ఉన్న చోట దాన్నే నమ్ముతారు. సూత్రాలతో వేసే లెక్క అంచనా మాత్రమే.

ప్రొటీన్, కేలరీలు మాత్రమే చాలవు. విటమిన్ సి లేకపోతే కొత్త చర్మాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ గట్టిపడదు. రాగి లేకపోతే దాని పోగులు ఒకదానికొకటి ముడిపడవు. రాగి, జింక్, సెలీనియం రసితో పాటే కారిపోతుంటాయి. విటమిన్ డి కథ వేరు. కాలి మానిన చర్మం ఎండలో నిలబడ్డా దాన్ని సరిగా తయారు చేయలేదని టెక్సస్‌లోని గాల్వెస్టన్ పరిశోధకులు చూపారు. మచ్చలున్న పిల్లను ఉదయపు ఎండలో కూర్చోబెట్టినంత మాత్రాన చాలదన్నమాట, చుక్కల మందు కావాలి.

ఆహారం ఒక్కటే కరుగుదలను పూర్తిగా ఆపలేదు. గదిని 28 నుంచి 32 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే ఒంటి ఖర్చు కొంత తగ్గుతుంది. వార్డులో ఏసీ పెంచమని గొడవపడే బంధువులు ఇది గుర్తుంచుకోవాలి. 2001లో గాల్వెస్టన్‌లోనే డేవిడ్ హెర్న్‌డన్ బృందం బీపీకి వాడే పాత మందు ప్రొప్రనాలాల్‌ను 13 మంది కాలిన పిల్లలకు ఇచ్చి చూసింది. గుండె వేగం తగ్గింది, శక్తి ఖర్చు తగ్గింది, కండ నిలబడింది. ఇది ఆసుపత్రిలో గుండె వేగాన్ని చూసుకుంటూ ఇవ్వాల్సిన మందు, ఇంట్లో ప్రయత్నించేది కాదు.

పుండు మూసుకుని ఇంటికొచ్చాక కూడా ఈ అదనపు శక్తి ఖర్చు ఆగదు. పెద్దగా కాలిన పిల్లల్లో అది ఏడాది, రెండేళ్లు, కొందరిలో అంతకన్నా ఎక్కువ కాలం సాగుతుంది. ఎత్తు పెరగడమూ మందగిస్తుంది. కాబట్టి గుడ్లు, పాలు, పప్పు నెలల తరబడి కొనసాగించాలి. వాటికి తోడు వ్యాయామం కావాలి. బరువులెత్తించే 12 వారాల శిక్షణ తర్వాత ఇలాంటి పిల్లల్లో కండ, బలం రెండూ పెరిగాయి. కట్టు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడల్లా పిల్లను తూచమని అడగండి. రెండు వారాలు వరుసగా బరువు తగ్గితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పండి.