పాత స్పోర్ట్సు కారు బేరము



లక్షన్నర మైళ్ళు నడచిన పాత స్పోర్ట్సు కారును కొనవచ్చునా, కూడదా యనునది నేటి ప్రసంగ విషయము. "ఊరి చావడిలో కూర్చుండు మాకు ఈ గొడవ యేల?" యని మీలో కొందరనుకొనవచ్చును. కాని మన పల్లెల బిడ్డలనేకులు నేడు హైదరాబాదునందును, అమెరికాయందును ఉద్యోగములు చేయుచున్నారు. పెద్ద వస్తువేదైన కొనబోవునపుడు వారు టెలిఫోనులో మీ సలహా యడుగుదురు. కారు సంగతి తమకు తెలియదని మీరు మౌనము వహింతురు. అట్లు మౌనము వహింప బనిలేదనియు, ఎద్దును బేరమాడ నేర్చినవాడు కారును గూడ బేరమాడగలడనియు నా యనుభవము వలన మీకు మనవి చేసికొనుచున్నాను.

నేను వంతెనల లెక్కలు వ్రాయు ఇంజనీరును. మోటారు మరమ్మతు నా వృత్తి కాదు. 2008లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, క్లీవ్‌లాండు నగరమున ఉద్యోగము చేయుచుంటిని. కుటుంబమునకు వలసిన పెద్ద కారు మాకుండెను. అయినను నాకు చిరకాలముగా ఒక కోరిక కలదు. అది మాజ్దా మియాటా యను చిన్న స్పోర్ట్సు కారు.

స్పోర్ట్సు కారనగా బరువు మోయుటకు గాని, నలుగురిని ఎక్కించుకొనుటకు గాని చేసినది కాదు. ఇద్దరే కూర్చుండవలెను. నేలకు దగ్గరగా, తేలికగా నుండి, మలుపులలో చెప్పినట్లు వినును. జపానువారి యీ మియాటాను మొదట 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనమున చూపిరి. నేను చూచినది 1994 నాటి రకము. దాని యంత్రము 1.8 లీటర్లది, 128 గుఱ్ఱముల బలము కలది. కారు బరువు వేయి కిలోలకు కొంచె మెక్కువ. పైకప్పు గుడ్డది, వెనుకకు మడచివేయవచ్చును. మోటారు లోకమున ఇది ఖరీదైన జాతి కాదు. అత్యధికముగా అమ్ముడుపోయిన రెండు సీట్ల స్పోర్ట్సు కారిదియే. 2016లో పదిలక్షలవ కారు తయారైనది. అందుచేత విడిభాగములు సులభముగా దొరకును. పాత బండి కొనువాడు మొట్టమొదట విచారింపవలసిన సంగతు లలో నిది యొకటి.

ఆ సమయమున నాయొద్ద కారు కొరకు కూడబెట్టినవి 4,000 డాలర్లు. వేరుగా 6,000 డాలర్లు స్వదేశమునకు పోయివచ్చు టికెట్లకై దాచియుంటిమి. మా నాయనగారు ఒంగోలు దగ్గరి పల్లెలో నుండిరి. ఆయనను చూచి మూడేండ్లయినది.

మొదట నాకు కంటబడినది ఎఱ్ఱని మియాటా. 62,000 మైళ్ళు మాత్రమే నడచినది. వెల 4,200 డాలర్లు. రంగు అద్దమువలె మెఱయుచుండెను. మూత యెత్తి చూచినచో యంత్రము కడిగిన గిన్నెవలె నుండెను. నా మనసు నిలువలేదు. ఇంటికి వచ్చి నా భార్యతో, తక్కువైన 200 డాలర్లు టికెట్ల సొమ్ములోనుండి తీసికొందునంటిని. ఆమె వలదనలేదు. "ఏమండీ, కొన్న మరునాడు అది చెడితే దేనితో బాగు చేయిస్తారు? అదీ టికెట్ల డబ్బులోంచేనా?" యని మాత్రమడిగినది. నాయొద్ద జవాబు లేదు.

ఆ రాత్రి నాయనగారికి టెలిఫోను చేసితిని. ఎడ్ల బేరమున ఆయన మాటకు మా చుట్టుప్రక్కల విలువ కలదు. ఎన్ని మైళ్ళు నడచినదో, ఎంత వెలయో, యెంత నిగనిగలాడుచున్నదో వర్ణించి చెప్పితిని. ఆయన అంతయు విని, "పళ్ళ సంగతి తర్వాత చూద్దువు గాని, అది ఎవరి కొట్టంలో పెరిగిందో ముందు కనుక్కోరా" యనిరి. నా బేరమంతయు ఆ యొక్క మాటతో మారిపోయినది.

కారుకు మైళ్ళ లెక్క ఎద్దుకు పళ్ళవంటిది. వయస్సు తెలుపును గాని ఆరోగ్యము తెలుపదు. ఏల యనగా, యంత్రమునకు ఎక్కువ అరుగుదల దూరప్రయాణమున కలుగదు. చల్లగానున్న యంత్రమును కదిలించిన మొదటి నిమిషములలో కలుగును. నూనె అప్పటికింకను చిక్కగా నుండి అన్ని భాగములకు చక్కగా అందదు. నాలుగు వీధులు తిరిగి ఆపివేసిన బండిలో యంత్రము పూర్తిగా వేడెక్కదు. లోపల పట్టిన చెమ్మ ఆవిరియై పోక నూనెలో కలియును. ఊరక నిలిపిన బండిలో రబ్బరు గొట్టములు ఎండి పగులును. దినదినము సమముగా దూరము నడచిన బండి, కట్టుగొయ్యకు కట్టివేసిన బండికంటె మేలుగా నుండుట కలదు. నాగలికి పోవు ఎద్దునకును, కొట్టములో నిలిచి కాళ్ళు పట్టిన ఎద్దునకును గల భేదము మీకు నేను చెప్పనక్కఱలేదు.

పైగా మైళ్ళ లెక్క నిజమని నమ్ముటెట్లు? అమెరికాలో 1972 నాటి చట్టము ప్రకారము మైళ్ళ లెక్కను వెనుకకు త్రిప్పుట నేరము. అమ్మువాడు ఆ లెక్కను వ్రాతమూలముగా తెలుపవలెను. కాని 2008లో పదేండ్లు దాటిన బండ్లకు ఆ వ్రాత నియమము వర్తింపకుండెను. పదునాలుగేండ్ల కారు మీటరుపై నున్న అంకెకు జామీను లేనట్లే.

మరునాడు ఎఱ్ఱకారు యజమానిని, దీని నెవరు పెంచిరని అడిగితిని. తాను కొని నాలుగు నెలలే యైనదనియు, పూర్వపు సంగతి తెలియదనియు అతడు చెప్పెను. పాత రసీదు ఒక్కటియు లేదు. అప్పుడు జేబులోనుండి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతమును తీసి, తలుపు క్రింద గడపవలె నుండు ఇనుపభాగమునకు ఆనించుచు వెనుక చక్రమువఱకు పోతిని. ముందు భాగమున అంటుకొనినది. వెనుక చక్రము దగ్గఱ జారి క్రిందపడెను. అనగా అచ్చట ఇనుము లేదు. తుప్పు తినివేసిన చోట లప్పము పెట్టి రంగు పూసినారు.

దీనికి కారణము కలదు. ఒహాయోలో చలికాలమున మంచు కరగుటకై దారులపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు క్రిందినుండి ఇనుమును తినును. మియాటాలో గుడ్డకప్పుపై పడిన వాననీరు పోవుటకు సీట్ల వెనుక రెండు చిన్న కాలువలుండును. ఆకులు పడి అవి పూడినచో నీరు ఆ గడప భాగములోనే నిలిచి లోపలినుండియు తుప్పు పట్టించును. యంత్రమునకు మరమ్మతు కలదు గాని, ఒడలు తుప్పు పట్టిన కారుకు మరమ్మతు వెల కారు వెలనే మించును. నీళ్ళలో గేదెను పెట్టి బేరము చేసినట్లు, కడిగి తుడిచిన యంత్రమును చూపి నాచే బేరము చేయించినారు. దానిని వదలివేసితిని.

ఆఱు వారములకు రెండవ కారు దొరకినది. నీలపు రంగు వెలసినది. గుడ్డకప్పు వెనుక ప్లాస్టికు కిటికీ పగిలినది. మైళ్ళు 1,48,000. వెల 2,900 డాలర్లు. యజమాని బడిలో గణితము చెప్పి విరమించిన వృద్ధుడు. 1994 వసంతకాలమున క్రొత్తగా కొని తానొక్కడే నడపినాడు. నేనడుగక మునుపే ఒక నోటుపుస్తకము చేత పెట్టెను. ప్రతి నాలుగువేల మైళ్ళకు నూనె మార్చిన తేదీలు అందున్నవి. 58,000 మైళ్ళకు ఒకమారు, 1,17,000 మైళ్ళకు మఱియొకమారు టైమింగు బెల్టును, దానితోబాటు నీటి పంపును మార్పించినట్లున్నది. 1,05,000 మైళ్ళకు క్రొత్త క్లచ్చు.

ఈ బెల్టు సంగతి కొంచెము చెప్పవలెను. యంత్రములో పిస్టన్లు ఆడుటకును, వాల్వులు తెఱచి మూయుటకును తాళము కుదుర్చు రబ్బరు పట్టా అది. ఈ రకమునకు 60,000 మైళ్ళకొకసారి మార్పవలెనని నియమము. మియాటాలో తెగినచో బండి దారిలో నిలిచిపోవును, అంతే. కొన్ని యితర కార్లలో తెగినచో పిస్టన్లు వాల్వులను కొట్టి యంత్రమే నాశనమగును. మార్చినట్లు రసీదు లేనిచో మార్చలేదనియే యెంచి, ఆ ఖర్చును వెలలోనుండి తగ్గింపవలెను.

లెక్క సరిచూచితిని. బడికి రానుపోను 80 మైళ్ళు. ఉప్పు చల్లు నెలలలో ఆయన వేఱొక బండి వాడి, దీనిని షెడ్డులో నుంచెడివాడు. కనుక ఏడాదికి సుమారు నూఱు బడిదినములు, అనగా 8,000 మైళ్ళు. పదుమూడేండ్లకు 1,04,000. మిగిలిన 44,000 పదునాలుగు వేసవుల షికారు, వేసవికి మూడువేల చిల్లర. లెక్క కుదిరినది. పుస్తకము, మీటరు, మనిషి మాట మూడును ఒక్కటే చెప్పినవి.

అయినను అంతటితో నమ్మలేదు. ఉదయము నేను వచ్చువఱకు బండిని కదిలింపవలదని ముందే కోరితిని. వేడెక్కిన యంత్రము తన రోగములను దాచును. చల్లని యంత్రమును నేనే కదిలించి పొగ చూచితిని. నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నదన్నమాట. నూనె మూత క్రింద మీగడవంటి తెల్లని జిడ్డు దట్టముగా నున్నచో నూనెలో నీరు చేరుచున్నదేమోయని యనుమానింపవలెను. రెండును లేవు. రెండవ గేరు వేయునప్పుడు గరగర మనునేమో వింటిని. నాలుగు టైర్లు సమముగా అరిగినవేమో చూచితిని. ఒకవైపే అరిగినచో చట్రము వంగియుండవచ్చును. పిమ్మట అమ్మువానికి సంబంధము లేని మెకానిక్కునకు 110 డాలర్లిచ్చి పరీక్ష చేయించితిని. అతడు నాలుగు సిలిండర్ల బిగువు కొలిచెను. ఒకదానికొకటి నూటికి పదిపదునైదు పాళ్ళకు మించిన తేడా యుండరాదు. ఇందు నాలుగును ఇంచుమించు సమానము. యంత్రము వెనుక ఒక రబ్బరు వలయమునుండి నూనె చెమర్చుచున్నదని చెప్పెను. అది యజమాని ముందే నాకు చెప్పినదియే. తన వస్తువులోని లోపమును తానే చెప్పువాడు దొరకుట బేరమున సగము లాభము.

2,700 డాలర్లకు కొంటిని. 1,300 డాలర్లు మరమ్మతుకై ప్రక్కన నుంచితిని. మొదటి యేడాదిలోనే కప్పునకు, ఆ వలయమునకు, క్లచ్చును కదిలించు చిన్న సిలిండరుకు కలిపి 640 డాలర్లైనవి. నా భార్య వేసిన ప్రశ్నకు అప్పటికి జవాబు దొరకినది. పాత బండి వెల రెండు భాగములు. ఒకటి అమ్మువానికిచ్చునది, రెండవది యింటిలో నుంచుకొనునది. రెండవ భాగము లేనివాడు మొదటి భాగము చెల్లింపరాదు.

టికెట్ల సొమ్ము చెక్కుచెదరలేదు. ఆ డిసెంబరులో పల్లెకు పోతిమి. నాయనగారు కారు ఫోటోను చూచి, "రంగు వెలిసింది" యని నవ్విరి. నోటుపుస్తకము సంగతి చెప్పగా తల యూపిరి. మఱుసటి వేసవిలో ఆయన గతించిరి. ఆ ఎఱ్ఱకారును కొనియుండినచో మరమ్మతులకు టికెట్ల సొమ్మే పోయియుండును. ఆయనను నేను కడపటిసారి చూచియుండను. ఈ సంగతి తలచినప్పుడెల్ల నాకు ఒడలు జలదరించును.

ఇంకొక మాట. మైళ్ళు లెక్కలోనికి రావని నేననుట లేదు. ఎక్కువ నడచిన బండిలో షాకబ్సార్బర్లు, బుష్షులు, బేరింగులు అరిగియే యుండును. ఉన్నది ఒక్కటే బండియై, దానిపైననే ఉద్యోగమునకు పోవలసినవాడు ఇట్టిది కొనరాదు. పసిబిడ్డలుగల యింటికి రెండు సీట్ల కారు పనికిరాదు. అమెరికాలో పాతికేండ్లు దాటని యువకునకు భీమా వెలయే భారమగును. మన దేశమున పాత బండి కొనువారు ఛాసిస్ సంఖ్య ఆర్.సి.తో సరిపోయినదా, బ్యాంకు తాకట్టు గుర్తు తొలగినదా, ఆర్.సి.యు, భీమాయు తమ పేర మారినవా యనునది గూడ చూచుకొనవలెను.

2015లో, 1,97,000 మైళ్ళ వద్ద, ఆ కారును ఒక యువకునకు అమ్మితిని. మూడవమారు బెల్టు మార్పించినది నేనే. వృద్ధుని వ్రాత క్రింద నా వ్రాతయు చేర్చిన ఆ నోటుపుస్తకమును అతని చేతబెట్టి, బండిలోని లోపములన్నియు నేనే ముందు చెప్పితిని.

కావున పెద్దలారా, మీ పిల్లలు టెలిఫోను చేసి పాత కారు మాట యెత్తినపుడు నాకు తెలియదని యనకుడు. రెండే ప్రశ్నలడుగుడు. అది యెవరి కొట్టములో పెరిగినది? కొన్న మరునాడు చెడినచో దేనితో బాగు చేయింతువు? ఈ రెంటికి వారు తడబడక జవాబు చెప్పగలిగినచో, మైళ్ళు లక్షన్నరయైనను కొననిండు. చెప్పలేనిచో, అది యెంత మెఱయుచున్నను మఱికొంతకాలము ఆగుమనుడు.

సెలవు.