టీవీ కామెడీలో ఆ నవ్వులు ఎవరివి..? 'లాఫ్ బాక్స్' కథ ఇదే!

పాత ఇంగ్లీష్ కామెడీ సీరియల్స్‌లో జోక్ పడగానే వెనకాల నవ్వులు వినిపిస్తాయి కదా.. చాలాసార్లు అక్కడ నవ్వేవాళ్లే ఉండరు! అమెరికాలో 1950లో వచ్చిన 'ది హ్యాంక్ మెక్‌క్యూన్ షో'ను ఇలా రికార్డెడ్ నవ్వులు వాడిన తొలి టీవీ షోగా చెబుతారు. ఆ తర్వాత సీబీఎస్ సౌండ్ ఇంజినీర్ చార్లీ డగ్లస్ ఇందుకోసం ఏకంగా ఓ మెషీనే తయారు చేశారు. అదే 'లాఫ్ బాక్స్'. వేరే షోలలో ప్రేక్షకులు నవ్విన నవ్వులను టేపుల్లో దాచి, మీట నొక్కితే చిన్న నవ్వో, పగలబడి నవ్వడమో వినిపించేలా చేశారు.

అయితే అన్ని కథలకూ ఇది నప్పలేదు. కొరియా యుద్ధం నేపథ్యంలో 1972లో మొదలైన 'మ్యాష్' సీరియల్‌కు ఈ నవ్వులు వద్దని దాన్ని తీసినవాళ్లు మొత్తుకున్నా సీబీఎస్ వినలేదు. చివరికి ఆపరేషన్ థియేటర్ సీన్లకు మాత్రం మినహాయింపు దక్కింది. బ్రిటన్‌లో బీబీసీ అయితే నవ్వులు లేకుండానే ప్రసారం చేసింది. అంటే అదే సీరియల్‌లో ఎక్కడ నవ్వాలో అమెరికా వాళ్లకు మెషీన్ చెప్పింది.. బ్రిటన్ వాళ్లు మాత్రం సొంతంగానే తేల్చుకున్నారు!